తాళం వేస్తేనే కనిపించిన బోటు

సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో చేరబోతున్న పిల్లలు ఈమధ్య నా దగ్గరికి వస్తున్నారు. ద్వారకా నగర్‌లో ఏదో కోచింగ్ సెంటర్‌లో మూడు నెలలు నేర్చుకుని, సర్టిఫికెట్ చేత పట్టుకుని, "ఆంటీ, ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?" అంటారు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో నాకు తెలీదు. నేను చివరిసారి ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరు పుట్టలేదు. ఉద్యోగంలో చేరాక ఏం మీద పడుతుందో మాత్రం తెలుసు. అది రాస్తాను.

నా ప్రమోషన్ల గురించి ఏమీ ఉండదు. రెండే వచ్చాయి, రెండూ ఆలస్యంగానే వచ్చాయి. నేను చేసిన రెండు తప్పుల గురించి ఉంటుంది. మొదటిదాన్ని ఇప్పుడు నవ్వుతూ చెప్పగలను. రెండోదాన్ని నవ్వుతూ చెప్పలేను, అలాగని చెప్పకుండా చచ్చిపోనూ లేను.

తలుపు మీద చీటీ

లింకు అంటే మీకు పుస్తకంలో ఏం చెప్పారో గానీ, నేను మాత్రం తలుపు మీద అంటించిన చీటీ అంటాను. "నేనిక్కడ లేను, పక్కవీధిలో ఫలానా ఇంట్లో ఉన్నాను, అక్కడికి రండి" అని రాసి ఉంటుంది. అంతే. ఆ పక్కవీధిలో ఇల్లు నిజంగా ఉందో లేదో చీటీకి తెలీదు. ఇల్లు కూలిపోయినా అది అదే మాట చెబుతుంది. ఆ ఇంట్లోకి వేరేవాళ్లు వచ్చి చేరినా అదే మాట చెబుతుంది.

ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేయడమంటే ఆ గదికి తాళం వేయడం. మామూలు తాళం కాదు. తాళం పడితే లోపల ఫైళ్లలో రాసిందే కాదు, ఫైళ్ల పేర్లు కూడా అర్థంపర్థం లేని అక్షరాలైపోతాయి. గది లోపల చీటీలు ఉంటే వాటి మీద రాసిన చిరునామా కూడా అలాగే అయిపోతుంది. తాళంచెవి లేనివాడికి ఆ చీటీ ఎటు చూపిస్తోందో తెలీదు. కంప్యూటర్‌కీ తెలీదు.

ఇది నాకు మొదటి ఉద్యోగంలో తెలిసింది. ఉక్కు ఫ్యాక్టరీలకు పైపులు బిగించే ఒక చిన్న కంపెనీ. డ్రాయింగులు బయటికి పోకూడదని ఆ ఫోల్డర్‌కి తాళం వేసి ఉంచేవాళ్లం. ఏ పైపుకి ఏది తాజా డ్రాయింగో చూపించడానికి దాని లోపలే లింకులు పెట్టాం. ఒక శనివారం డిస్కు శుభ్రం చేద్దామని కూర్చున్నాను. ఎటూ చేరని, తెగిపోయిన లింకులన్నీ తుడిచేయమని ఒక్క లైను రాసి నడిపించాను. ఆ సమయానికి ఫోల్డర్ తాళంలో ఉంది. తాళంలో ఉన్న గదిలో ప్రతి చీటీ తెగినట్టే కనిపిస్తుంది. మూడు వందల పైచిలుకు లింకులు ఒక్క నిమిషంలో పోయాయి. ప్రోగ్రామ్ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. తాళం తీయడానికి చెవి కావాలి గానీ, తుడిచేయడానికి అక్కర్లేదు.

సోమవారం ఫిట్టర్లు పాత డ్రాయింగు చూసి పైపు కోశారు. మా బాస్ రామ్మూర్తిగారు నన్ను పిలిచి, గంటసేపు తిడతారనుకుంటే, కోసిన పైపు ముక్క ఒకటి తెప్పించి నా టేబుల్ మీద పెట్టారు. "రెండేళ్లు ఇక్కడే ఉంటుంది, కాఫీ కప్పు దీని మీదే పెట్టుకో" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. పోతూపోతూ మాత్రం, "నీకు కనపడకపోతే లేదనేస్తావా అమ్మా?" అని అడిగారు. ఆ ప్రశ్నకు నేను సమాధానం నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకోలేదని పాతికేళ్ల తర్వాత తెలిసింది.

సముద్రంలో ఎవరి చోటు వాళ్లది

రిటైరయ్యే ముందు చివరి ఏడేళ్లు నేను చేపలరేవు పక్కన బోట్ల యజమానుల సంఘం కంట్రోల్ రూములో పనిచేశాను. కంట్రోల్ రూమంటే పెద్దగా ఊహించుకోకండి. ఐసు ఫ్యాక్టరీ పైన రెండు గదులు. ఒక గదిలో సర్వరు, నా కుర్చీ, ఇంకో గదిలో గోడకి పెద్ద తెర, దాని మీద సముద్రం మ్యాపు. ప్రతి బోటులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. పావుగంటకోసారి అది శాటిలైట్ ద్వారా తను ఎక్కడున్నదీ చెబుతుంది. మా దగ్గర తెర మీద చుక్క కదులుతుంది. ఆ పెట్టెలో ఆపద చెప్పే బటన్ లేదు, మాట్లాడే వీలు లేదు. ఇక్కడున్నాను అని మాత్రమే చెప్పగలదు.

బోటు నడిపే సరంగులు మొదట్లో ఆ పెట్టె పెట్టించుకోలేదు. భయం వాళ్లకి పోలీసులంటే కాదు, ఒకళ్లంటే ఒకళ్లకి. చేప పడే చోటు ఎవరి చోటు వాళ్లది. నీళ్ల కింద గుట్ట ఎక్కడుందో, ఒడ్డున ఏ కొండ ఏ పొగగొట్టంతో కలిసి కనిపిస్తే వల వేయాలో, తండ్రి కొడుక్కి చెబుతాడు గానీ తోడబుట్టినవాడికి చెప్పడు. భార్యకీ చెప్పడు. "మా సోటు ఎవుడి కంప్యూటర్‌లోనూ ఉండటానికి ఈల్లేదు" అని మీటింగులో గొడవ చేశారు. అందుకని నేను మాటిచ్చాను: బోట్ల వివరాలన్నీ తాళం వేసిన ఫోల్డర్‌లో ఉంటాయి, పాస్‌వర్డ్ నా ఒక్కదానికే తెలుసు, సర్వరు ఆగి మళ్లీ లేచిన ప్రతిసారీ నేనొచ్చి కొడితేనే తాళం తెరుచుకుంటుంది.

మాట నిలబెట్టుకున్నాను. అక్కడితో ఆగుంటే బాగుండేది. మ్యాపు ప్రోగ్రామూ, పెట్టెల నుంచి వచ్చిన కబురు అందుకునే ప్రోగ్రామూ ఎవరో రాసిచ్చినవి. వాటిని మార్చడం బద్ధకమై, తాళం గదికి బయట ఒక్కో బోటుకీ ఒక్కో లింకు పెట్టాను. "పదిహేడో నంబరు బోటు కావాలా? తాళం గదిలో పదిహేడో ఫైలు చూడు" అని చెప్పే చీటీలు. రాసేవాడూ చదివేవాడూ చీటీ పట్టుకుని లోపలికి వెళ్తారు. పని చక్కగా జరిగింది. సంఘం అధ్యక్షుడు అప్పారావుగారు నాకు శాలువా కూడా కప్పారు.

నేను చేయనిది ఒకటుంది. తాళం పడి ఉన్నప్పుడు ఆ చోట ఏముంటుందో చూసుకోలేదు. నిజమైన గది కనిపించకుండా పోతుంది గానీ, అదే పేరుతో ఒక ఖాళీ గది మిగులుతుంది. దానికి ఏ తాళమూ ఉండదు. ఎవరైనా అందులో రాయొచ్చు. ఎవరూ రాయకుండా కట్టడి చేయడానికి ఒక్క లైను చాలు. ఖాళీ గదిలో ఎవరేం రాస్తారులే అనుకున్నాను.

ఆదివారం పదకొండు నలభై

కార్తీకంలో ఒక ఆదివారం. పొద్దున్న పదకొండు నలభై దాటగానే రేవులో కరెంటు పోయి పది నిమిషాల్లో వచ్చింది. యూపీఎస్ బ్యాటరీ పాతబడిపోయి ఉంది కాబట్టి సర్వరు ఆగి, కరెంటు రాగానే తనంతట తానే లేచింది. ఆఫీసుకి సెలవు. సర్వరు ఆగినట్టు నాకు తెలీదు.

సోమవారం తొమ్మిదిన్నర లోపు వెళ్లడం నా అలవాటు. ఆ రోజు తొమ్మిదింటికే వెళ్లాను. తాళం పడి ఉందని చూసి, పాస్‌వర్డ్ కొట్టి తెరిచాను. అప్పుడు సమయం తొమ్మిదీ ఐదు. తెర ముందు ఆపరేటర్ సింహాచలం కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లవాడు, మాది విజయనగరం వైపు ఊరే, వాళ్లదీ అటే. ఏడింటికే వచ్చి తెర చూస్తూ రిజిస్టర్ రాసుకుంటాడు. నెమ్మదస్తుడు.

పది నిమిషాలు పోయాక నా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మేడమ్, మీరు తాళం తీసినారు గదా. పదేడో నంబరు ఎనక్కి ఎల్లిపోనాది."

"ఎనక్కి అంటే?"

"పొద్దున్న నాను సూసినప్పుడు పూడిమడక దాటి, దక్షిణం దిక్కున ఉన్నాది. మీరొచ్చి పాస్‌వర్డ్ కొట్టినాక ఉత్తరాన భీమిలి ఎదరకి ఎల్లిపోనాది. బోట్లన్నీ అలగే ఒక్కపాలి ఎనక్కి ఎల్లినాయి. మిగతాయి మళ్లీ వొచ్చీసినాయి. ఇదొక్కటీ రాలేదు."

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. "పొద్దున్నే ఏటి తాగొచ్చినావు సింహాచలం? బోటు రివర్స్ గేరులో ఎల్తాదా?" అన్నాను.

అతను నవ్వలేదు. "కార్తీక సోమారం మేడమ్. ఉపాసం ఉన్నాను. మంచినీళ్లు కూడా ముట్టనేదు" అన్నాడు.

"అయితే నీరసం. ఎల్లి కూర్చో" అన్నాను. వెళ్లి కూర్చున్నాడు. రెండు మూడుసార్లు తల తిప్పి తెర వైపు చూడటం రెండు గదుల మధ్య గాజు అద్దంలోంచి నాకు కనిపించింది. ఎవరో తన వెనక నిలబడితే చూసే చూపు అది. అప్పుడు చిరాకేసింది నాకు.

ఆగిన చుక్క

పదిహేడో నంబరు బోటు సోమవారం సాయంత్రానికి రేవు చేరాలి. చేరలేదు. రేడియోలో పలకలేదు. సరంగు ఎల్లాజీ, వల పని చూసే కళాసీలు ఆరుగురు, మొత్తం ఏడుగురు. మంగళవారం పొద్దున్నకి రేవంతా గుప్పుమంది. అప్పారావుగారు, తీర రక్షణ వాళ్లు, బోట్లవాళ్లు అందరూ మా రెండు గదుల్లోకి వచ్చారు. అందరూ తెర చూశారు. పదిహేడో చుక్క భీమిలికి ఎదురుగా, ఒడ్డుకి నలభై మైళ్ల దూరంలో ఆగి ఉంది. చివరి కబురు ఆదివారం పదకొండు నలభై. ఆ తర్వాత ఏమీ లేదు.

ఎవరో అన్నారు, "ఇక్కడ కరెంటు పోనప్పుడే అక్కడ బోటు పోనాది" అని. నాకూ ఒళ్లు జలదరించింది. జలదరించి ఊరుకున్నాను, అదీ నా తప్పు. ఊళ్లో కరెంటుకీ నడిసముద్రంలో పెట్టెకీ ఏం సంబంధమని మన వృత్తిలో ఉన్నవాళ్లు అక్కడికక్కడే అడగాలి. రెండూ ఒకే నిమిషంలో ఆగాయంటే ఆగింది పెట్టె కాదు, నా సర్వరు. మిగతా బోట్ల ఫైళ్లు తెరిచి చూసుంటే వాటిలోనూ ఆదివారం పదకొండు నలభై నుంచి సోమవారం తొమ్మిది దాకా ఖాళీయే కనిపించేది. కానీ ఆ బోట్లు కళ్లెదురుగా తిరుగుతున్నాయి. తిరిగే బోటు నిన్న ఎక్కడుందని ఎవరడుగుతారు?

తొమ్మిది బోట్లు, రెండు గస్తీ ఓడలు భీమిలి ఎదుటికి వెళ్లాయి. అక్కడి నుంచి గాలి, నీటివాలు ఎటు తోస్తాయో లెక్కేసి అటూ వెతికారు. ఎవరిదో తెలియని వల ముక్క ఒకటి దొరికింది. సాయంత్రానికి ఆ వల ముక్క ఎల్లాజీదే అని చెప్పేవాళ్లు తయారయ్యారు. రోజంతా నేను తెర ముందే ఉన్నాను. సింహాచలం పదిహేడో చుక్క వైపు మాత్రం చూడటం మానేశాడు.

పోలమ్మ అడిగిన పని

బుధవారం పొద్దున్న పదిన్నరకి ఎల్లాజీ తల్లి పోలమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి, ఇప్పటికీ రేవులో చేపలు అమ్ముతుంది. వచ్చి కుర్చీలో కూర్చోలేదు, తెర ముందు నేల మీద కూర్చుంది. అప్పారావుగారు నా గదిలో ఎవరితోనో ఫోనులో, ఇంకా ఎంతసేపని వెతుకుతారు, ఓడలవాళ్లకీ ఇబ్బందే కదా అంటున్నారు. తలుపు తీసే ఉంది. ఆమెకి వినిపిస్తూనే ఉంది.

"ఏదమ్మా మావోడు?" అని నన్ను అడిగింది. చుక్క చూపించాను.

"అక్కడ లేడు" అంది. "నిన్నంతా ఎతికినారు గదా. ఇంకెక్కడైనా ఉన్నాడేమో సూడు."

"నాకు తెలిసింది ఇంతే పోలమ్మా."

"ఈ బాబు ఇంకో మాట సెప్తన్నాడు" అని సింహాచలం వైపు చూపించింది. "నువ్వు తాళం తీసిన కాడినించి మావోడు కనపడటం నేదంట. అంతకు ముందర ఇంకో కాడ ఉన్నాడంట. నిజమేనా?"

నాకు ఒళ్లు మండింది. కన్నతల్లి దగ్గర ఇలాంటి కథలు చెబుతాడా అని సింహాచలం మీద విరుచుకుపడ్డాను. తల వంచుకునే, "సూసినదే సెప్పినాను మేడమ్. లేంది సెప్పనేదు" అన్నాడు.

పోలమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఆడ్ని తిట్టకమ్మా. నాకు కంప్యూటర్లు తెల్దు. తలుపులు తెలుసు. తలుపు బార్లా తీసి గోడకి ఆనిస్తే, ఎనకాల నిలబడ్డోడు కనపడడు. మూస్తే కనపడతాడు. నువ్వు తాళం తీస్తే పోనోడు, తాళం ఎస్తే రాడేటి? ఓపాలి ఎయ్యి. ఏటి పోతాది?"

తలుపు వెనకాల మనిషి అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆదివారం పదకొండు నలభై. తాళం. ఖాళీ గది. బయట చీటీలు. దెయ్యానికి కాదు, నాకు నేనే భయపడ్డాను.

అప్పారావుగారు ఫోను పెట్టేసి వచ్చి, "ఇప్పుడు తాళం ఎందుకమ్మా, మిగతా బోట్ల సంగతేటి?" అన్నారు. నేను వినలేదు. కబురు అందుకునే ప్రోగ్రామ్ ఆపాను. తాళం వేశాను. మ్యాపుని మళ్లీ చదవమన్నాను.

ఆ నిమిషం ఎలా రాయాలో ఇప్పటికీ తెలీదు. కిటికీలోంచి చూస్తే కింద రేవులో బోట్లు లంగరేసి ఉన్నాయి. ఒక్కో బోటు పేరు చదవొచ్చు. తెర మీద ఆ బోట్లే ఒక్కొక్కటీ రేవు వదిలి సముద్రం మీదికి వెళ్లి నిలబడ్డాయి. ఎక్కడివక్కడ, కదలకుండా. కింద ఐసు మిషను చప్పుడు వినిపిస్తోంది. సింహాచలం లేచి గోడ దాకా వెనక్కి నడిచాడు. భీమిలి ఎదుట చుక్క ఆరిపోయింది. తెర కింది అంచులో, ఎవరూ చూడని చోట, పూడిమడకకి దక్షిణంగా, ఒడ్డుకి చాలా దూరంగా పదిహేడు అని వెలిగింది.

పక్కన సమయం ఉంది. సోమవారం, ఎనిమిదీ నలభై.

"అదే" అన్నాడు సింహాచలం. "నాను సూసింది అదే."

పోలమ్మ ముందుకి జరిగి, ఆ అంకె కింద వేలు పెట్టి, తీయకుండా అలాగే ఉంచింది.

ఎనభై నాలుగు సార్లు

జరిగింది ఇది. సర్వరు లేచినప్పుడు తాళం పడి ఉంది. కబురు అందుకునే ప్రోగ్రామ్ నా చీటీ పట్టుకుని లోపలికి వెళ్లింది. ఆ చోట ఖాళీ గది ఉంది, పదిహేడో ఫైలు లేదు. లేని ఫైలుకి చీటీ దారి చూపిస్తే, రాయడానికి వచ్చిన ప్రోగ్రామ్ వెనక్కి తిరగదు. అక్కడే కొత్త ఫైలు పుట్టించి రాసేస్తుంది. అలా ఇరవై ఒక్క గంటలు అన్ని బోట్ల కబుర్లూ ఆ తాళం లేని ఖాళీ గదిలో పడ్డాయి. మ్యాపు కూడా ఆ చీటీల వెంటే వెళ్లి వాటినే చూపించింది. సోమవారం నేను పాస్‌వర్డ్ కొట్టగానే అసలు గది వచ్చి ఆ గది మీద కూర్చుంది. కిందది మాయమైపోలేదు. కనపడకుండా పోయింది. చీటీ మీద అదే మాట, దారి అదే దారి, గది మాత్రం వేరు. మిగతా బోట్లు పావుగంట లోపే కొత్త కబురు పంపి తెర మీద ముందుకొచ్చాయి. పదిహేడో పెట్టె బ్యాటరీ అంతకు కాసేపటి క్రితమే అయిపోయింది. అది ఇంక కబురు పంపలేదు.

ఆ ఫైలు తెరిచి చదివాను. ఆదివారం మధ్యాహ్నం ఎల్లాజీ వల ఎత్తి, ఎవరికీ చెప్పకుండా, దక్షిణంగా తండ్రి చూపించిన గుట్ట దగ్గరికి ఆరు గంటలు ఇంజను మీద వెళ్లాడు. అక్కడ ఇంజను పోయింది. ఆ తర్వాత గాలికి కొట్టుకుపోతున్నాడు. భీమిలి నుంచి ఎంత లెక్కేసినా ఆ చోటు దొరకదు. పదకొండు యాభై ఐదు నుంచి ఎనిమిదీ నలభై దాకా పావుగంటకోసారి ఆ పెట్టె ఎనభై నాలుగు సార్లు ఇక్కడున్నాను అని చెప్పింది. ఎనభై నాలుగూ అందాయి. ఒక్కటీ తప్పిపోలేదు.

గస్తీ ఓడలు దక్షిణం తిరిగాయి. గురువారం పొద్దున్న ఏడింటికి బోటు దొరికింది. ఎల్లాజీ, ఐదుగురు కళాసీలు బతికి ఉన్నారు. తిరుగు ప్రయాణం సోమవారమే కాబట్టి మంచినీళ్లు అప్పటికే అడుగంటి ఉన్నాయి. మసేను అనే కళాసీ మంగళవారం ఉప్పునీళ్లు తాగాడు. బుధవారం తెల్లవారాక పోయాడు. నేను తాళం వేసింది అదే రోజు పదకొండు గంటలకి.

నేను చెప్పగలిగేది

పిల్లలూ, ఖాళీ గదిలో ఎవరూ రాయకుండా ఆ ఒక్క లైను కొట్టండి. తాళం పడితే ప్రోగ్రామ్ ఆగిపోయేలా పెట్టండి, పెద్దగా అరిచి ఆగిపోయేలా. ఆగిపోయే ప్రోగ్రామ్‌తో గంట కష్టం. ఏమీ జరగనట్టు నడిచే ప్రోగ్రామ్‌తోనే ప్రాణం మీదికొస్తుంది. ఇవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి, నేను చెప్పక్కర్లేదు.

పుస్తకంలో లేనిది ఇంకొకటి ఉంది. తెర ముందు రోజంతా కూర్చునే మనిషికి మీ చదువు ఉండదు, మీ మాటలు రావు. బోటు వెనక్కి వెళ్లింది అంటాడు, ఎవరో ఉన్నట్టుంది అంటాడు. అతను చెప్పిన కారణం తప్పు కావచ్చు. చూసింది తప్పు కాదు. సింహాచలం నాలుగు మాటల్లో నాకు మొత్తం చెప్పాడు, నేను ఎప్పుడు తాళం తీశానన్నదీ అందులోనే ఉంది. నాకు చదువుంది కాబట్టి వినలేదు. బోటు దొరికిన మర్నాడే అతని దగ్గరికి వెళ్లి, తప్పు నాదని అందరి ముందూ చెప్పాను. "పోనీండి మేడమ్" అన్నాడు. అతను పోనిచ్చినా నేను పోనివ్వలేదు.

మసేను పన్నెండో రోజు అయ్యాక అతని భార్య దేవుడమ్మ సంఘం ఆఫీసుకి వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. అప్పారావుగారు అప్పటికే కాగితం తయారుచేయించారు, ఆలస్యానికి కారణం సాంకేతిక లోపం అని. నన్ను లోపలే ఉండమన్నారు. నేను వెళ్లి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

ఆమె ఏడవలేదు. కాగితం ముట్టుకోలేదు. "బోటు ఎక్కడున్నాదో మీకు ఎప్పుడు తెలిసినాది?" అని అడిగింది.

"బుధవారం అమ్మా, పదకొండింటికి. తెలిసిన ఎంటనే ఓడల్ని పంపించీసినాం" అన్నారు అప్పారావుగారు.

అది అబద్ధం కాదు. ఆమె తలూపి లేవబోయింది.

"బుధవారం నాకు అర్థమైంది" అన్నాను. "తెలిసింది సోమవారమే. పొద్దున్న తొమ్మిదింటికి సింహాచలం వచ్చి, బోటు ఫలానా చోట ఉందని నాకు చెప్పాడు. నేను అతన్ని వెక్కిరించి పంపించేశాను. ఆ మాట అప్పుడే విని ఉంటే, మంగళవారం ఓడలు సరిగ్గా అక్కడికే వెళ్లేవి."

అప్పారావుగారు నా వైపు చూడలేదు. దేవుడమ్మ మళ్లీ కూర్చుంది. ఒళ్లో చేతులు పెట్టుకుని, వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. సోమవారం, మంగళవారం, బుధవారం. రెండుసార్లు లెక్కపెట్టింది.

"సోమారానికి" అంది, "మా ఆయన బతికే ఉన్నాడు గదమ్మా."

"ఉన్నాడమ్మా" అన్నాను.